బావ నడిచేదాకా

అశ్వారావుపేట నుంచి అడవి వైపు పోయే రోడ్డు మీద సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. ట్రాలీ ఆటోల్లో పామాయిల్ గెలలు నిండుగా పేర్చి తెస్తుంటారు. ఒక్కో గెల నడక నేర్చిన పిల్లంత బరువుంటుంది, ఒళ్ళంతా ముళ్ళు. ఆ గెలల మీద గోనెసంచులు పరుచుకుని కోత కూలీలు కూర్చుని ఉంటారు. మనుషులను ఎక్కించరాదని బండి వెనక రాసే ఉంటుంది. సరిగ్గా ఆ రాత మీదికే కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు. తప్పు వాళ్ళదే అనడం తేలిక. చీకటి పడేలోపు గూడెం చేరడానికి వేరే బండి ఏదో చూపించి, ఆ తర్వాత తప్పు పట్టండి.

పగిడయ్య ఎన్నో ఏళ్ళు అలాగే ఇంటికి వచ్చాడు. పొడవాటి గెడ చివర కొడవలి కట్టి, తల వెనక్కి వాల్చి గెలలు కోయడం అతని పని. రోజంతా పైకి చూసి చూసి, ఇంటికొచ్చాక కూడా అతని మెడ కిందికి దిగేది కాదు. భార్య ఆదెమ్మ దానికే నవ్వేది. "మా ఆయన చెట్లతోటి మాట్లాడతడు గానీ నాతోటి మాట్లాడడు" అని ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పుకునేది. నోరున్న మనిషి ఆదెమ్మ. మనసులో ఉన్నది దాచుకోవడం ఆమెకు చేతకాదు.

కిందటి ఏడు వానాకాలంలో ఒక రోజు తోట ఆసామి రెండు ట్రిప్పుల సరుకు ఒకే ట్రిప్పులో ఫ్యాక్టరీకి చేరాలన్నాడు. బండి వీరన్నది, తోలేదీ అతనే. పగిడయ్య గూడెం వాడే. చుట్టరికం లేకపోయినా పగిడయ్యను బావ అనీ, ఆదెమ్మను అక్క అనీ పిలుస్తాడు. ఫ్యాక్టరీ దగ్గర సరుకు దించాల్సింది కూడా కోత కూలీలే కనుక అందరూ గెలల మీదికెక్కారు. రోడ్డు తడిగా ఉంది. మలుపులో బర్రెలు అడ్డం వచ్చాయి. వీరన్న మంచి ఊపు మీద ఉన్నాడు, బ్రేకు తొక్కేసరికే ఆలస్యమైంది. బండి పక్కకు పడింది. మిగతావాళ్ళు పొలంలోకి దూకారు. పగిడయ్య మీద గెలలు దొర్లిపడ్డాయి.

ముళ్ళకు చేతులు చీరుకుపోతున్నా వీరన్నే ఆ గెలలన్నీ లాగేశాడు. బావను భుజాన వేసుకుని పరిగెత్తాడు. విరిగిన కాలికి బద్ద కట్టకుండా అట్లా మోసుకురాకూడదని దవాఖానాలో డాక్టరు తిట్టాడు. ప్రాణం పోతుందేమోనన్న భయంలో బద్ద సంగతి ఎవరికి గుర్తుంటుంది? కుడి తొడ ఎముక ముక్కలైంది. ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి ఇంటికి పంపారు.

పోలీసులకు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తప్పు జరిగితే ఆ గూడెంలో దానికొక పద్ధతుంది. చేసినవాడు పెద్దమనుషుల ముందు ఒప్పుకోవాలి. ఒక కోడిని తెచ్చి దెబ్బ తిన్న ఇంటికి ఇవ్వాలి. ఆ ఇంటి ఆడమనిషి దాన్ని వండాలి. తప్పు చేసినవాడూ దెబ్బ తిన్నవాడూ పక్కపక్కన కూర్చుని తినాలి. తిన్న తర్వాత ఆ తప్పు మళ్ళీ ఎవరి నోటా రాకూడదు.

ఆదెమ్మ మొదట ఒప్పుకోలేదు. "వాడు తోలిన తోలుడుకు నా మొగుడు మంచాన పడ్డడు. వాని కోడిని నేను వండాల్నా?" అని గూడెం పెద్ద మీదికి లేచింది.

"వండు బిడ్డా. ఇంట్ల పగ ఉంటే ఎముక అతకదు" అన్నాడు ఆ ముసలాయన.

ఆ ఒక్క మాటకు ఆదెమ్మ లొంగిపోయింది. ఎముక అతకాలంటే పగనే కాదు, ప్రాణం తీసి పొయ్యిలో పెట్టమన్నా పెట్టేదే. మసాలా నూరి, కారం దండిగా వేసి వండింది. వీరన్న ఏడుస్తూ తిన్నాడు. చేయి కడుక్కుని ఆమె ముందు నిలబడ్డాడు. "బావ నడిచేదాకా మీ ఇంట్ల బియ్యం నాయి, అక్కా. బావ నడిచిండని నీ నోటితోటి నువ్వు చెప్పేదాకా తెస్త" అన్నాడు. అన్న మాట తప్పలేదు. ప్రతి సంత రోజూ బియ్యం సంచి తెచ్చి గడపలో దించేవాడు.

ఎముక మాత్రం అతకలేదు. తొడలోంచి చీము కారడం మొదలైంది. ఖమ్మంలో ఒక పెద్ద డాక్టరుకు చూపించారు. రాడ్డుకు చీము పట్టిందనీ, అది తీసేసి మళ్ళీ కట్టాలనీ, ఆ పని తన దగ్గర కార్డు మీద జరగదనీ, లక్షల్లో డబ్బు కట్టాలనీ చెప్పాడు. ఆలస్యం చేస్తే కాలు తీసేయడం తప్ప దారి ఉండదన్నాడు. చెట్టు కింద నిలబడి బతికే మనిషికి కాలు లేకపోతే ఇంకేముంది?

ఆ దవాఖానా వరండాలోనే ఎవరో వకీలు మక్సూద్ పేరు చెప్పారు. మక్సూద్ తాత ముత్తాతలది టౌనులో బట్టల వ్యాపారం. ఇతనొక్కడు నల్లకోటు తొడిగాడు. మంచివాడు. అంతా విని తల పట్టుకున్నాడు.

"ఆ రోజే పోలీస్ స్టేషన్‌కు పోవాలె గదమ్మా! ఇన్నాళ్ళు ఏం చేసిన్రు? సరే, ఇప్పుడన్నా పెడదాం. బండికి ఇన్సూరెన్స్ ఉన్నది. సరుకుతోటి పోయిన కూలీలు మీరు, మీకు హక్కు ఉంటది. పైసలు వీరన్న ఇయ్యడు, కంపెనీ ఇస్తది. డ్రైవర్ జోరుగా తోలిండని పగిడయ్య చెప్పాలె, అంతే."

"నా తప్పేనని నేను గూడ చెప్త సార్" అన్నాడు వెంట వచ్చిన వీరన్న.

ముగ్గురూ సంబరపడి ఇంటికి వచ్చారు. కోడి సంగతి మక్సూద్‌కు ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు. తిని ముగించిన మాటను మళ్ళీ ఎత్తకూడదు కదా!

కేసు వేసిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మోటారు సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. ఇన్సూరెన్స్ తరఫున విచారణకు వచ్చానన్నాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. పగిడయ్య కాలు చూసి అయ్యో అన్నాడు. అన్ని రోజుల్లో అయ్యో అన్న మొదటి బయటి మనిషి అతనే. ఆదెమ్మ మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది.

"ఆ డ్రైవర్ మీద మీకు కోపం లేదా అమ్మా?" అని అడిగాడు.

"కోపమేంది సారూ! పెద్దమనుషుల్ల తప్పు ఒప్పుకున్నడు. కోడిని తెచ్చిండు, నేనే వండిన, కలిసి తిన్నరు. అయిపోయింది. ఇగో, గీ బియ్యం గూడ వాడు తెచ్చినయే."

తన మొగుడు ఎంత మంచివాడో, తమ గూడెం ఎంత మర్యాద తెలిసిందో ఆ పెద్దమనిషికి తెలియాలని ఆమె తాపత్రయం. అతను బియ్యం సంచికి ఫోటో తీసుకుంటుంటే, తను కూడా పడుతుందేమోనని కొంగు సర్దుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ ఇంట్లో కాలు ముందే విరిగింది, నోరు ఆ మధ్యాహ్నం జారింది.

కోర్టులో పగిడయ్య రెండు కర్రల మీద బోను దాకా వెళ్ళాడు. ఆదెమ్మ వెనక బెంచీ మీద కూర్చుంది.

"బండి ఎట్ల తోలిండు పగిడయ్యా?" అని మక్సూద్ అడిగాడు.

"వాన పడ్డది సార్. బర్రెలు అడ్డమొచ్చినయ్."

"అది సరే, జోరుగా తోలిండా లేదా?"

పగిడయ్య వీరన్న వైపు చూశాడు. మక్సూద్ మళ్ళీ అడిగాడు. మూలన నిలబడ్డ వీరన్న, చెప్పు బావా అన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు.

"వాని తప్పు నేను ఎత్తరాదు సార్. తిన్నంక ఎత్తరాదు" అన్నాడు పగిడయ్య చివరికి.

ఆ మాట మక్సూద్‌కు అర్థం కాలేదు. ఇన్సూరెన్స్ వకీలుకు చక్కగా అర్థమైంది. అతను లేచి బియ్యం సంచి ఫోటో ముందు పెట్టాడు.

"ఈ బియ్యం డ్రైవరే తెచ్చాడా?"

"అవ్ సార్."

"అతనితో కలిసి భోజనం చేశారా?"

"అవ్."

"మీ ఇద్దరి మధ్య గొడవ ఆనాడే తీరిపోయిందా?"

"అవ్ సార్, తీరింది."

ఒక్క మాటా అబద్ధం కాదు. ప్రతి అవ్‌కూ మక్సూద్ తల కాస్త కిందికి దిగింది. తర్వాత వీరన్న బోనెక్కి, తప్పంతా తనదేనని గుండె మీద చేయి వేసుకుని చెప్పాడు. అదింకా కొంప ముంచింది. దెబ్బ తిన్నవాడేమో డ్రైవర్ తప్పు చెప్పడు, డ్రైవరేమో అడక్కుండానే ఒప్పుకుంటాడు, ఇద్దరూ ఒకచోట తింటారు, ఫిర్యాదేమో ఎప్పటికో ఇచ్చారు. ఇది ఇద్దరూ కలిసి కంపెనీ సొమ్ము కోసం అల్లుకున్న కథ అన్నాడు ఆ వకీలు.

ఆదెమ్మ లేచి నిలబడింది. "గట్ల కాదు సారూ! ఎముక అతకాలని వండిన! గంతే! నా మొగుని ఎముక అతకాలని వండిన!" అని అరిచింది. బంట్రోతు వచ్చి ఆమెను కూర్చోబెట్టాడు.

కేసు కొట్టేశారు. కోర్టు మెట్ల మీద మక్సూద్ ఆదెమ్మ కోసం ఆగాడు. "మీ గూడెం రాజీ వేరే, ఇన్సూరెన్స్ వేరే. ఆ కోడి సంగతి ముందే నాకు చెప్తే ఆ మాట నేనే కోర్టుకు చెప్పుకునేటోణ్ణి గదమ్మా. పై కోర్టుకు పోదాం. కాకపోతే ఏండ్లు పడ్తది" అన్నాడు.

"కాలు అన్నేండ్లు ఆగుతదా సారూ?"



కాలు ఆగలేదు. చీము పైకి పాకింది. ప్రాణం దక్కాలంటే తొడ పైదాకా తీసేయాల్సిందేనని సర్కారు దవాఖానాలో చెప్పి, రమ్మని రోజు చెప్పారు. ఆదెమ్మ ఇంటికొచ్చి, కోడి వండిన కుండను పెరట్లో నేలకేసి కొట్టింది. పగ ఉంచుకోలేదు, ఎముక అతకలేదు. పగ ఉంచుకుని ఉంటే కాలన్నా దక్కేదేమో! ఈ ఆలోచన ఆమెను పగలూ రాత్రీ తినేసింది.

దవాఖానాకు పోవాల్సిన రోజుకు ఒక్కరోజు ముందు సంత వచ్చింది. జల్లు పడుతోంది. వీరన్న బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. అతని బండి ఎప్పుడో అమ్ముడుపోయింది. ఇప్పుడు పగిడయ్య వదిలేసిన గెడే పట్టుకుని అదే తోటలో కోతకు పోతున్నాడు. మెడ మీదా మోచేతుల మీదా ముళ్ళు గీరిన గీతలు ఎర్రగా ఉన్నాయి.

"బండి లేదు గద, ఎట్ల వచ్చినవ్?" అంది ఆదెమ్మ.

"లోడు మీద కూసొని వచ్చిన, అక్కా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నీకు సిగ్గుందారా? ఈ ఇంట్ల ఒక్కడు మంచాన పడ్డది సాలదా? ఈ వానల్ల ఆ గెలల మీద కూసుంటవా? ఎవరు తెమ్మన్నరు నిన్ను?"

"బావ నడిచేదాకా తెస్తనన్న గద."

"ఇంకేడ నడుస్తడురా! రేపు కాలు తీస్తరు!"

వీరన్న సంచి దించి, తల వంచుకుని నిలబడ్డాడు. "అయితే నేను బతికినన్ని దినాలు తెస్త" అన్నాడు మెల్లగా.

మంచం కిర్రుమంది. పగిడయ్య లేచి కూర్చున్నాడు. కర్రలు అందించబోయిన ఆదెమ్మ చేతిని తోసేశాడు. గోడ పట్టుకుని లేచాడు, ఆ తర్వాత గోడను కూడా వదిలేశాడు. రేపు తీసేయబోయే కాలిని నేల మీద ఆనించి, దాని మీద బరువు మోపాడు. నోట్లోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. పడుతూ లేస్తూ మంచం దగ్గర నుంచి గడప దాకా వచ్చి, వీరన్న ఎదురుగా నిలబడ్డాడు. కట్టు తడిసి చీమూ నెత్తురూ పాదం మీదికి కారుతున్నాయి.

"చూసినవ్ గదరా? నడిచిన. ఇగ నువ్వు రాకు" అన్నాడు.

వీరన్న ఆదెమ్మ వైపు చూశాడు. "నువ్వు చెప్పాలె, అక్కా" అన్నాడు ఏడుస్తూ.

చెప్తే ఆ బియ్యం ఈ రోజుతో ఆఖరు. ఇంట్లో సంపాదించే చెయ్యి ఇంకొకటి లేదు. చెప్పకపోతే వీడు వానలోనూ ఎండలోనూ ఆ లోడు మీద వస్తూనే ఉంటాడు, ఏదో ఒక మలుపులో వీడి మీద కూడా గెలలు దొర్లుతాయి. గడపలో నిలబడ్డ మొగుడి కాళ్ళు వణకడం ఆమెకు కనబడుతూనే ఉంది. ఇంక ఎంతోసేపు నిలబడలేడు.

"నడిచిండు" అంది ఆదెమ్మ. "మా ఆయన నడిచిండు. నువ్వు పో, తమ్ముడా."

వీరన్న ఆమె కాళ్ళకు దండం పెట్టి వానలోకి వెళ్ళిపోయాడు. ఆదెమ్మ మొగుణ్ణి ఎత్తి మంచం మీద వేసింది. కట్టు మార్చింది. సంచి విప్పి ఆ పూటకు బియ్యం తీసి కడిగింది. పగిడయ్య దవాఖానా నుంచి వచ్చాక తోట పనికి ఇక తనే పోవాలి. సాయంత్రం ఏ బండి వస్తుందో, దాని మీద ఎక్కడ కూర్చోవాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.