గడియ పెట్టిన గదిలో చుక్క గ్రహణం

నేను మాట్లాడితే సగం గాలి ముక్కులోంచి పోతుంది. పుట్టుకతోనే నా పై పెదవి చీలి ఉంది. పెద్దయ్యాక ఏదో ఉచిత శిబిరంలో కుట్టారు గానీ లోపల అంగిలి అలాగే ఉండిపోయింది. ఫోన్‌లో మాట చెబితే అక్షరాలు వాటంతటవే పడతాయంటారు కదా, నా మాటకు పడలేదు. అందుకని మా అక్క కూతురు నా గొంతును రికార్డు చేసుకుని, తర్వాత తనే కూర్చుని రాస్తానంది. నాకు రాయడం సంతకం వరకే వచ్చు. చదవడం బస్సు బోర్డు వరకు.

అక్క అంటే తోడబుట్టింది కాదు, బావగారి భార్య. మా ఆయన పోయినప్పటి నుంచి వాళ్ల దగ్గరే ఉంటున్నాను. గవర్నర్‌పేటలో కింద బావగారి చీరల హోల్‌సేల్ కొట్టు, పైన కాపురం. నాది వెనక గది. సగం గది చీరల మూటలు, మిగతా సగంలో ఒక మంచం, ఎప్పుడూ గంజి వాసన. కిటికీ తెరిస్తే పక్క లాడ్జి గోడ చేతికి తగులుతుంది. పొద్దున్నే బావగారు కొట్టుకు దిగేదాకా నేను ఆ గదిలోంచి రాను. రావద్దని ఎవరూ అనలేదు. "ఆయన బయల్దేరతన్నారే" అని అక్క వంటింట్లోంచి ఒక కేక వేస్తుంది. విధవ ఎదురు రాకూడదన్న మాట అందులోనే ఉంది.

మా పుట్టింటివాళ్లు నేతపనివాళ్లు. నేను కడుపులో ఉండగా ఒక గ్రహణం పూట మా అమ్మ మగ్గం దగ్గర తెగిన పోగును ముడేసి, మిగిలిన కొసను బ్లేడుతో కోసిందట. అందుకే నాకు గ్రహణం మొర్రి వచ్చిందన్నారు. అమ్మ పోయేదాకా ఆ మాట పడింది. నన్నేమో ఊళ్లో ఎవరు కడుపుతో ఉన్నా పిలిచి చూపించేవాళ్లు. "చూశావా, లెక్కలేకుండా తిరిగితే ఇట్టా అవుద్ది" అని. నేను ముంగిట్లో నిలబడేదాన్ని, వాళ్లు చూసేవాళ్లు, ఇంటికొచ్చేదాన్ని.

ఇంతకీ చెప్పాల్సింది అక్క కూతురు సంగతి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పెద్ద చదువే చదువుతోంది, చుక్కల మీద. వచ్చిన మర్నాడు టిఫిన్ దగ్గర అక్క ఊరికే అడిగింది, "ఇంతకీ ఆ ల్యాప్‌టాప్ పెట్టెలో ఏం చూస్తావే రోజంతా?" అని.

"గ్రహణాలమ్మా," అంది పిల్ల ఇడ్లీ తుంచుకుంటూ.

అక్క చేతిలో చట్నీ గరిటె ఆగిపోయింది. నా చెయ్యి నా పెదవి మీదికి పోయింది.

పిల్ల పాపం ఓపిగ్గా చెప్పింది. మనకు ఒక్క చుక్కలా కనపడేవి కొన్ని నిజానికి రెండు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఎంత పెద్ద దుర్భిణి పెట్టినా విడివిడిగా కనపడవు. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడు మాత్రం వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని గీత గీస్తే పల్లంలా దిగుతుంది, ఒకటి పెద్ద పల్లం, ఒకటి చిన్న పల్లం. ఎన్నాళ్లకోసారి పల్లం వస్తోందో చూస్తే అవి ఎంత కాలానికి ఒక చుట్టు తిరుగుతున్నాయో తెలుస్తుంది. పల్లం ఎంతసేపు ఉందో చూస్తే ఏది ఎంత పెద్దదో, రెండు పల్లాల లోతుల్ని బట్టి ఏది ఎక్కువ వేడిదో తెలుస్తుంది. వాటి వెలుగును రంగులుగా విడదీస్తే అందులో సన్నటి గీతలుంటాయట. చుక్క మనవైపు వచ్చేటప్పుడు ఆ గీతలు నీలం పక్కకు, పోయేటప్పుడు ఎరుపు పక్కకు జరుగుతాయట. దాన్ని బట్టి బరువులు కూడా కడతారు.

నాకు ఒక్కటి పట్టుకుంది. దూరం నుంచి చూస్తే ఒక్కటే చుక్క. మా ఇల్లూ అంతే, వచ్చినవాళ్లకు అక్క ఒక్కతే కనిపిస్తుంది.

అక్కకు పట్టుకున్నది వేరు. "ఎన్నాళ్లకోసారి పడతందే ఆ గ్రహణం?"

"మూడు రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు. చుట్టుకి రెండు."

అక్క లేచి పంతులుగారికి ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"పంతులుగారూ, చుక్కలకి గ్రహణం పడితే కడుపుతో ఉన్న పిల్ల లోపలుండాలాండీ?"

"ఏ చుక్కలకమ్మా?"

"అవేవో జంట చుక్కలంటండీ."

ఆయన నవ్వాడు. "మన ఊళ్లో కంటికి కనపడని గ్రహణానికి మనకి పట్టింపు లేదమ్మా."

"మా పిల్లకి కనపడతన్నాయి కదండీ, ల్యాప్‌టాప్‌లో!"

"అయితే... చూడకుండా ఉంటే మంచిదే లెండి" అని పెట్టేశాడు.

ఆ 'మంచిదే లెండి' మా ఇద్దరి మెడకూ చుట్టుకుంది. పిల్ల వేళాకోళం అనుకుని, అక్క అడిగిందే తడవుగా రాబోయే గ్రహణాల వేళలన్నీ చదివి పెట్టింది. అక్క వాటిని వంటింటి క్యాలెండర్‌లో రాహుకాలం పక్కన ఎర్ర పెన్నుతో రాసుకుంది. మొదటి వేళ రాగానే వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇది చిన్న పల్లమేనమ్మా!"

"గ్రహణానికి చిన్నా పెద్దా ఏంటే? పద."

ఇంట్లో ఆకాశం కనపడని గది నాదే కాబట్టి అందులోనే పడుకోబెట్టింది. వెల్లకిలా, కదలకుండా. నన్ను తోడు కూర్చోమంది. "మీ పిన్ని మొహం చూస్తా పడుకో, భయమన్నా ఉంటది" అని బయట గడియ పెట్టింది. అక్కకు కోపం లేదు, భయం. ఇన్నేళ్లుగా రోజూ నా పెదవిని ఎదురుగా చూస్తోంది కదా.

అలా వారానికి నాలుగైదుసార్లు మేమిద్దరం ఆ గదిలో పడ్డాం. పగలూ అంతే, రాత్రీ అంతే. ఫ్యాను గాలికి మూటల దుమ్ము లేచేది. పిల్ల ఏడ్చేది కాదు, పైకప్పు చూస్తూ ఉండేది. ఒకరోజు అసలు సంగతి చెప్పింది.

"పిన్నీ, నా దగ్గర అన్నీ ఉన్నాయి. పెద్ద పల్లం అడుగే లేదు."

ఆకాశంలో తిరిగే ఉపగ్రహం అరగంటకోసారి తీసిన లెక్కలట అవి. అందులో పల్లం అడుగు అలుక్కుపోయింది. మొనలా ఉందా, చదునుగా ఉందా తేలడం లేదు. చదునుగా ఉంటే ఒక చుక్క రెండోదాని వెనక పూర్తిగా దాగినట్టు. అలా దాగిన కాసేపు వచ్చే వెలుగంతా ఆ రెండోదాని ఒక్కదానిదే. రెండింటినీ విడదీసి కొలవడానికి దొరికేది ఆ కాసేపే. అందుకని ఎక్కడో దక్షిణ అమెరికాలో కొండ మీది దుర్భిణిని ఒక్క రాత్రికి అడిగి తీసుకుంది, ఇంట్లోంచే నడిపేలా. అక్కడ అర్ధరాత్రంటే మనకు పొద్దున. అది దాటితే ఆ దుర్భిణి మళ్లీ తన వంతుకు రావడానికి నెలలు పడుతుంది.

"అప్పటికి నా చేతిలో బిడ్డ ఉంటది. ఇంక ఎవరు చూడనిస్తారు పిన్నీ నన్ను?"

ఆ పొద్దున అక్క ముందే ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. చుక్క అందులోనే ఉంటుందని ఆవిడ లెక్క. తర్వాత పిల్ల చేతిని తన నెత్తి మీద పెట్టుకుంది. "చూడనని ఒట్టెయ్యి." పిల్ల నా వంక చూసింది, వాళ్లమ్మ వంక చూసింది. "చూడనమ్మా" అంది. గడియ పడింది.

కాసేపటికి దిండు కిందనుంచి ఫోన్ తీసింది. తీసి, నా చేతిలో పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"అమ్మ నెత్తి మీద ఒట్టేశాను పిన్నీ. నేను చూడను. నువ్వు చూడు."

మామూలు గ్రహణాన్ని కూడా నేను పుట్టాక ఎన్నడూ తలెత్తి చూడలేదు. తలుపు సందులోంచి వెలుగు కనపడకుండా ఇద్దరం దుప్పటి కప్పుకున్నాం. తెర మీద పైన ఒక చదరం, అందులో తెల్లటి చుక్క. కింద ఒకదాని పక్కన ఒకటి వచ్చి పడే సన్న బొట్లు. చుక్క చదరంలోంచి జారితే బాణం గుర్తు నొక్కి మధ్యకు తేవాలి. నా పని అదే. ఆ బొట్లు ఎటు పోతున్నాయో చెప్పాలి.

"ఎట్టా పడతన్నాయి?"

"దిగతన్నాయే. మెట్లు దిగినట్టు."

"చుక్క మధ్యలోనే ఉందా?"

"కాస్త ఎడంపక్కకి జరిగింది. నొక్కా."

"ఇప్పుడు?"

"ఇంకా దిగతంది. బాగా కిందికొచ్చేసింది." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తర్వాత బొట్టు కిందకు పడలేదు. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. "ఆగిందే!"

"పైకి లేస్తందా?"

"లేవట్లేదు. పక్కకి పోతంది."

"సరిగ్గా చూడు పిన్నీ. మొన లేదా?"

"లేదే తల్లీ. ఇడ్లీ పాత్ర అడుగులాగా ఉంది."

కింద కొట్లో ఎవరిదో బేరం మొదలై, గట్టిగా సాగి, తెగిపోయింది. బొట్లు ఇంకా చదునుగానే పడుతున్నాయి. పిల్ల మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఆ తర్వాత ఒక బొట్టు కొంచెం పైన పడింది. చెప్పాను. "విడుస్తందన్నమాట" అంది, నవ్వింది.

అక్క గడియ తీసేసరికి పిల్ల అలాగే వెల్లకిలా ఉంది. విడుపు స్నానానికి లేవమంది. వెనక్కి తిరిగి నన్నడిగింది.

"చూసిందా?"

"లేదక్కా. కళ్లు మూసుకునే ఉంది."

"నీ చేతిలో ఆ ఫోనేంటి మరి?"

"నేను చూశాను."

అక్క నోటి మీద చెయ్యేసుకుంది. "నీకేమన్నా పిచ్చా?"

"నాకింకేం మొర్రి వస్తదక్కా, కొత్తగా?"

అక్క నా పెదవి వంక చూసింది. రోజూ చూసే చూపు కాదు. నిలబడి నిలబడి, మెల్లగా అడిగింది, "ఎట్టా ఉంటదే అది?"

చెప్పాను. మెట్లు దిగినట్టు దిగడం, అడుగున చదునుగా ఆగడం, మళ్లీ మెట్లెక్కడం. వింది. విని వంటింట్లోకి పోయి క్యాలెండర్ చూసొచ్చింది. పిల్లకు అడుగు దొరికింది, ఇక గ్రహణాలతో పని లేదు, ఈ గది తప్పుతుందేమోనని నాకు ఆశ పుట్టింది.

"రేపు సాయంత్రం చిన్నది ఉంది. అది కూడా నువ్వే చూడు. పిల్ల కళ్లు మాత్రం తెరవకూడదు" అంది అక్క.

ఇదంతా ఆ మర్నాటి సాయంత్రమే చెబుతున్నాను. పిల్ల నా పక్కన కళ్లు మూసుకుని ఉంది. ఇవాళ చూడ్డానికి దుర్భిణి కూడా లేదు, ఫోన్ నా మాటలు వింటోంది, అంతే. చిన్న పల్లం ఎక్కడో తన పాటికి తాను దిగుతూ ఉంటుంది. కాన్పు ఇంకా దూరముంది. క్యాలెండర్ నిండా ఎర్ర పెన్ను ఉంది. బయట గడియ పెట్టే ఉంది.