టెంపరరీగా ఆపేసిన ట్రాలీ

రెండువేల పన్నెండు వేసవిలో మా తమ్ముడి కొడుకు పెళ్ళి, నేను ఒకప్పుడు కాపురమున్న ఊళ్ళో జరిగింది. హోటల్ నుంచి పెళ్ళి హాలుకి బంధువులందరినీ ట్రాలీలో తీసుకెళ్తామని మా మరదలు ఫోన్లో చెప్పింది. ఆ ఊళ్ళో ట్రాలీలు ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటిందని తెలిసి కూడా నాలో ఎక్కడో చిన్న ఆశ లేచింది. దాని వెనకే అనుమానమూ లేచింది. నా స్వభావం అంతే, పైగా ఆ ఊరు నాకు ఒకసారి మాట ఇచ్చి తప్పిన ఊరు. అందుకని పెళ్ళి రోజు పొద్దున పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని హోటల్ గుమ్మంలో నిలబడి, వచ్చిన బండిని పైనుంచి కిందిదాకా పరీక్షగా చూశాను. ఎర్ర రంగు, పసుపు గీతలు, చెక్క బల్లలు, ఇత్తడి కడ్డీలు, అన్నీ ఉన్నాయి. వంగి కిందికి చూస్తే రబ్బరు టైర్లు. పైన తీగా లేదు, తీగని అందుకునే గడా లేదు. గంట మోగింది గాని అది డ్రైవరు బటన్ నొక్కితే స్పీకర్లోంచి వచ్చిన గంట.

"అక్కా, ఎక్కు. ముహూర్తం దాటిపోతుంది," అన్నాడు మా తమ్ముడు.

"ఇది ట్రాలీ కాదురా. బస్సుకి వేషం వేశారు."

"పెళ్ళిలో మనందరం వేషాలు వేసుకున్నవాళ్ళమేగా. ఎక్కు."

అందరూ నవ్వారు. నేను ఎక్కాను. పెళ్ళికొడుకు మేనత్తనన్న మాటేగాని వెనక చక్రం మీద, ఎముకలు కదిలిపోయే సీటు ఇచ్చారు. అది వేరే సంగతి. మరిచిపోలేదు గాని ఇక్కడ రాయను. ఆ సీట్లో కుదుపులు తింటూ కూర్చుంటే, కుదుపే తెలియని ఇంకో ప్రయాణం గుర్తుకొచ్చింది. డెబ్బైల్లో అమెరికా వచ్చిన నా వయసు ఆడవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

మేము మొదట కాపురం పెట్టింది పెన్సిల్వేనియాలో, కొండల మీద ఇళ్ళూ, కింద నదీ, నది ఒడ్డున మసిబారిన ఫ్యాక్టరీలూ ఉన్న ఆ ఊళ్ళోనే. పేరు రాయను, దాని మీద నాకు అంత గౌరవం మిగల్లేదు. మా అపార్ట్‌మెంట్ కొండ మీద, నా ఉద్యోగం ఊరి నడుమ ఉన్న ఆసుపత్రి రికార్డుల సెక్షన్లో. ఆ రెండింటినీ కలుపుతూ ట్రాలీ లైను ఉండేది. ట్రాలీ అంటే మన మద్రాసు ట్రాము లాంటిదే, రోడ్డు మధ్యన పట్టాలు, నెత్తిన కరెంటు తీగ. ఇంటికి రాసిన మొదటి ఉత్తరంలో రోజూ ట్రాలీలో ఆఫీసుకి వెళ్తున్నానని రాస్తే, మా అమ్మ ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీ అనుకుని, ఆ దేశంలో కూడా అదే గతా అని ఏడ్చిందట.

పొద్దున ఏడున్నరకి మా వీధి చివర నిలబడితే, కొండ మలుపులో ముందు పట్టాలు సన్నగా పాడేవి, తరవాత దీపం కనబడేది, ఆ తరవాత బండి. దారిలో రొట్టెల కొట్టు, చర్చి, ఇటలీవాళ్ళ కూరగాయల దుకాణం. సాయంత్రం ఆ దుకాణం దగ్గర దిగి లేత వంకాయలు ఏరుకుని, చేతిలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కాగితంతో, మళ్ళీ డబ్బులివ్వకుండా, ఇంకో బండి ఎక్కేదాన్ని. ఎక్కడికి వెళ్తున్నానో, ఎందుకు వెళ్తున్నానో, ఎప్పుడు వస్తానో ఎవరికీ చెప్పే పని లేదు. పుట్టింట్లో లేదు ఆ సుఖం, అత్తింట్లో అసలే లేదు.

ఆ ట్రాన్స్‌ఫర్ అన్న మాట దగ్గరే నేను మొదటి వారం నవ్వులపాలయ్యాను. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా ఇంట్లో ఇంగ్లీషంటే సర్కారు ఇంగ్లీషే. ట్రాన్స్‌ఫర్ అంటే మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరు పోవడం. టెంపరరీ అంటే మా నాన్న ఉద్యోగం, పదహారేళ్ళు టెంపరరీగానే సాగింది. సస్పెన్షన్ అంటే ఎంక్వయిరీ అయ్యేదాకా ఇంట్లో కూర్చుని, అయ్యాక మెడలో పూలదండతో తిరిగి అదే కుర్చీలో కూర్చోవడం. మా పక్కింటి సర్వేయరు గారు రెండుసార్లు అలా కూర్చున్నారు. కాబట్టి ట్రాలీ డ్రైవరు, నెరిసిన జుట్టున్న నల్లజాతి పెద్దమనిషి, "ట్రాన్స్‌ఫర్?" అని నన్ను అడగగానే, మావారి ఉద్యోగం గురించి ఇతనికెందుకా అని అనుమానిస్తూనే, "నో, నో. పర్మనెంట్," అని గట్టిగా చెప్పాను.

అతను నా వంకా, నా చీర కింద ఉన్న మంచు బూట్ల వంకా చూసి, "మంచిది. మాకు పర్మనెంట్ మనుషులే కావాలి," అన్నాడు తన భాషలో. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నన్ను మిస్ పర్మనెంట్ అనే పిలిచాడు. ఎగతాళేమోనని ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు. తరవాత ఒక జనవరిలో, నేను కొండ దిగుతూ పరుగెత్తడం అద్దంలో చూసి బండి ఆపి, వెనకనున్న జనం గొణుగుతున్నా కదలకుండా కూర్చున్నాడు. ఆ ఒక్క మనిషి మీద నా అనుమానం తప్పని అప్పుడు ఒప్పుకున్నాను. మిగతావాళ్ళ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు.

ఎనభైల చివర ఒక సోమవారం స్తంభానికి కాగితం అంటించారు. కింద వంతెన మరమ్మతు కోసం ఈ లైను టెంపరరీగా సస్పెండ్ చేస్తున్నాం, బదులుగా బస్సులు నడుపుతాం అని. రెండూ మా ఇంటి మాటలే. టెంపరరీ అన్న మాట చదివి భయపడ్డాను, సస్పెండ్ అన్న మాట చదివి ధైర్యం తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి మావారికి చెప్పాను.

"ఇది మీ నాన్న తాలూకా ఆఫీసు కాదు. ఇక్కడ టెంపరరీ అంటే టెంపరరీయే. ఈలోగా డ్రైవింగ్ నేర్చుకో," అన్నారు ఆయన.

"లైను మళ్ళీ వస్తుందంటున్నారుగా, ఇంక డ్రైవింగ్ దేనికి?"

"నీతో వాదించేకంటే వంతెన కట్టడం సులువు."

అంతకుముందు ఒకసారి చర్చి పార్కింగ్‌లో నాకు కారు నేర్పబోయి, నేను బ్రేకు తొక్కినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకున్న మనిషి ఆయన. తలుచుకున్నది నా కోసం కాదు, కారు కోసం. నేను నేర్చుకోలేదు. సస్పెండ్ అయినవాడు తిరిగొస్తాడని నా నమ్మకం, రోడ్డులో పట్టాలు ఇంకా మెరుస్తున్నాయి కదా అని నా సాక్ష్యం. వంతెన ఆరు నెలల్లో బాగైంది, ట్రాలీ రాలేదు. ట్రాన్సిట్ ఆఫీసుకి ఉత్తరం రాశాను. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని అచ్చు జవాబు వచ్చింది. ఆపైన ఎత్తు బళ్ళకి అడ్డమని మా వీధిలో తీగలు దింపేశారు. తిరిగి నడిపే ఉద్దేశం ఉన్నవాళ్ళు తీగలెందుకు దింపుతారని మళ్ళీ రాశాను. మళ్ళీ అవే ధన్యవాదాలు. కార్లు నిలుపుకునే చోటు కోసం దుకాణాలవాళ్ళు, మలుపులో టైర్ల కొట్టతను, మా పై అంతస్తులో ఉండే జర్మన్ ముసలాయన, వీళ్ళందరూ కలిసి లోపాయికారీగా ఏదో చేస్తున్నారని నాకు గట్టి అనుమానం. టైర్ల కొట్టతను నన్ను చూసి చెయ్యి ఊపితే ఊపేదాన్ని కాదు.

ఏడాది గడిచాక ఒక పబ్లిక్ హియరింగ్ పెట్టారు, ట్రాలీ తిరిగి తేవాలా, బస్సునే శాశ్వతం చేయాలా తేల్చడానికి. ఇదే ఎంక్వయిరీ అనుకున్నాను నేను, అక్కడ సాక్ష్యం బలంగా చెబితే పూలదండ ఖాయమని. మా నాన్న అర్జీలు రాసే పద్ధతిలో, సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా అన్న ధోరణిలో, నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసుకున్నాను. స్కూలు వ్యాయామశాలలో మడత కుర్చీలు వేశారు. మావారు నన్ను గుమ్మం దగ్గర దింపి, కారు పార్క్ చేసి వస్తానని వెళ్ళి ఇరవై నిమిషాలకి వచ్చారు. నా పేరు పిలిచినతను దాన్ని మూడు ముక్కలు చేసి, ఒక ముక్క మింగేశాడు. మొదటి పేజీ సగం అయ్యిందో లేదో గడియారం చూసుకుని, "మేడమ్, మీది ప్రశ్నా, అభిప్రాయమా?" అన్నాడు.

"అర్జీ," అన్నాను తెలుగులోనే. నోటికి అదే వచ్చింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతను మర్యాదగా నవ్వి, తరవాతి పేరు పిలిచాడు. మిగతా మూడున్నర పేజీలు నా చేతిలోనే ఉండిపోయాయి. ఆ నవ్వు ఈ రోజుకీ చెవిలో ఉంది. నెల తిరగ్గానే బస్సు శాశ్వతమైంది. ఆ బస్సు మొదట ముప్పావు గంటకొకటి అయి, తరవాత సాయంత్రం పూట మానేసింది. ఆసుపత్రివాళ్ళు రికార్డుల సెక్షన్ని హైవే పక్కన, బస్సన్నదే పోని కొత్త బిల్డింగుకి మార్చారు. కొన్నాళ్ళు మావారు దింపారు, కొన్నాళ్ళు నాతో పనిచేసే ఒకామె ఎక్కించుకుంది. రోజూ ఒకరి కారులో కూర్చుని వాళ్ళ రేడియో వింటూ, వాళ్ళకి ఆలస్యమైతే నేనూ ఆలస్యమవుతూ, ఆఖరికి ఒకరోజు రాజీనామా కాగితం ఇచ్చేశాను. నలభై రెండేళ్ళ వయసులో ఇంట్లో కూర్చున్నాను.

ఇంక రెండువేల పన్నెండుకి వస్తే, పెళ్ళైన మర్నాడు మా తమ్ముడిని ఆ ఊరి లైబ్రరీ దగ్గర దింపమన్నాను.

"ఇన్నేళ్ళయ్యాక దేనికక్కా? ఎవరు నడిపితే ఏంటి, ఎవరు ఆపితే ఏంటి?"

"ఎవరు ఆపారో తెలియాలి."

లైబ్రరీ అమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టింది. హియరింగ్ రోజు గుమ్మం దగ్గర బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు, ఒకటి ట్రాలీ కావాలనేవాళ్ళకి, ఒకటి బస్సు చాలుననేవాళ్ళకి. ఆ రెండూ పెట్టెలో ఉన్నాయి. మొదటి దాంట్లో నా సంతకం ఉంది. నా కింద జర్మన్ ముసలాయనది. నేను ఆయన్ని ఊరికే ద్వేషించాను. టైర్ల కొట్టతను ఏ కాగితంలోనూ లేడు. రెండో కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుకుంటూ వచ్చాను. పందొమ్మిదో వరసలో వేలు ఆగిపోయింది. ఇంగ్లీషు సంతకాలన్నిటి నడుమ ఒక్కటి తెలుగు సంతకం. మావారు బ్యాంకులోనైనా, పాస్‌పోర్టులోనైనా తెలుగులోనే సంతకం పెడతారు, అదొక పంతం ఆయనకి. ఆ ఊరు మొత్తంలో ఆ అక్షరాలు చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఇరవై ఏళ్ళకి పైగా పెట్టెలో పడి ఉన్నా సిరా చెక్కుచెదరలేదు.

దాని కాపీ తీయించుకుని, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని పార్సిప్పనీ వచ్చాను. రిటైరయ్యాక మా అబ్బాయికి దగ్గరగా ఉంటామని మేము చేరిన ఊరు ఇది. మధ్యాహ్నం కాఫీ ఇచ్చి, ఆయన పక్కన ఆ కాగితం పెట్టాను. కళ్ళజోడు తీసి, భూతద్దం పెట్టి చూశారు. అప్పటికే ఆయన చూపు మందగించింది.

"తొందరలో పొరపాటున అవతలి కాగితం మీద పెట్టారేమో కదండీ," అని నేనే దారి చూపించాను.

"పొరపాటు కాదు."

"మరి?"

"ఆ ట్రాలీ ఉన్నంతకాలం నువ్వు స్టీరింగ్ ముట్టుకోవు. లేకపోతే ముట్టుకుంటావనుకున్నాను."

"ముట్టుకున్నానా?"

"లేదు. ఆ సంగతి సంతకం పెట్టకముందే తెలియాల్సింది నాకు." భూతద్దం పక్కన పెట్టి, "పార్కింగ్ వెంటనే దొరికింది ఆ రోజు. బల్ల దగ్గరే ఇరవై నిమిషాలు నిలబడ్డాను," అన్నారు.

ఒక్క సంతకం ఒక లైనుని ఆపదని నాకు తెలుసు. ఆయన పెట్టకపోయినా ఆగేది. కానీ నా అనుమానాలన్నీ ఊరంతా తిరిగి, ఒక్క మా వంటింట్లోకి తొంగిచూడలేదన్నదే నన్ను కోసింది. ఆ కాగితం గోడకి తగిలిస్తానన్నాను. ఆయన మేకు ఎక్కడుందో చెప్పారు. తగిలించలేదు, పారేయనూ లేదు.

ఆ మరుసటి ఏడు డాక్టరు ఆయన్ని కారు నడపవద్దన్నాడు. కారులేనిదే కొత్తిమీర కట్ట కూడా దొరకని ఊరు ఇది, మా అపార్ట్‌మెంట్ల ముందు నడవడానికి కాలిబాట కూడా సగందాకా వచ్చి ఆగిపోతుంది. శనివారం పదింటికి కోడలు వచ్చి ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్తుంది. ఆయన తొమ్మిదింటికే బూట్లు వేసుకుని, కిటికీ దగ్గర కుర్చీ జరుపుకుని, వచ్చే ప్రతి కారునీ దాని చప్పుడుని బట్టి పోల్చుకోవాలని చూస్తారు.

"వస్తుందంటావా?"

"వస్తానంది."

"'అత్తయ్యగారూ, ట్రాఫిక్ ఉంది, టెన్ మినిట్స్' అని కోడలు ఫోన్ చేసిందంటే పదకొండవుతుంది. నీకు తెలుసుగా."

"తెలుసు."

నేను ఆయన్ని క్షమించానని ఎవరూ అనుకోవద్దు. కానీ సంచీ తీసుకుని నేనూ ఆ పక్కనే కూర్చుంటాను, నిలబడితే మోకాళ్ళు నొస్తాయి. ఎదురుచూడటం ఆ రోజుల్లోనూ ఉండేది. మంచులో, గాలిలో, కాళ్ళు మొద్దుబారేదాకా చూసేదాన్ని. కాకపోతే అప్పుడు బండి ఆలస్యమైతే ఆ సాయంత్రమే కూర్చుని పై అధికారికి ఘాటుగా ఉత్తరం రాసేదాన్ని, జవాబు రాకపోతే ఆ పై అధికారికి రాసేదాన్ని. ఇప్పుడు ఆఫీసు పనీ, పిల్లల పనీ ముగించుకుని, నా కోసం ముప్పై మైళ్ళు తోలుకుంటూ వచ్చే పిల్ల అరగంట ఆలస్యమైతే, ఎవరి మీద రాయను, ఎవరికి రాయను?