సగం ఎత్తిన షట్టర్లు

బీమా కంపెనీ మూడో అంతస్తులో కూర్చునే ఆయన పనల్లా ప్రపంచ పటానికి రంగులు వెయ్యడం. ఏ దేశంలో, ఏ ఊళ్లో అల్లర్లు రేగుతాయో, ఎక్కడ తుపాకులు పేలతాయో అంచనా కట్టి ఎరుపో, పసుపో, ఆకుపచ్చో వేస్తాడు. పెన్సిల్ తోక నమిలి నమిలి కుంచె చేసేశాడు. ఎవరేం చెప్పినా ఆయన నోట ఒకటే మాట, "ఆధారం ఏది?" పక్కింటి వాళ్ల పోట్లాటకి కూడా ఆధారం కావాలి మహానుభావుడికి! ఆ రోజు పొద్దున ఏడున్నరకి భార్య పాల ప్యాకెట్లతో వస్తూనే, "కాలేజీ వీధిలో కొట్లవాళ్లు షట్టర్లు సగమే ఎత్తారండీ. ఇవాళ అమ్మాయిని పంపను" అంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. "షట్టర్లు చూసి చదువు మాన్పిస్తావా? పటంలో మన ఊరు పచ్చగా ఉంది మహాతల్లీ! ఆధారం ఏది?" ఆవిడ కూతురి చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేసేసింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటుందని సణుక్కుంటూ ఆయన ఆఫీసుకి వెళ్లాడు.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, కాలేజీ మలుపులో కూతురు రోజూ ఎక్కే బస్సు తగలబడుతోంది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "భోంచేస్తోంది. చెప్పుల కోసం నా మీద అలిగింది" అంది భార్య. ఆయన పటం ముందుకు లాక్కుని, తన ఊరికి ఎరుపు వేశాడు. కింద, ఆధారం అన్న గడిలో "మా ఆవిడ" అని రాశాడు. పక్క గడి, సమాచారం అందిన సమయం. పెన్సిల్ చాలాసేపు నమిలి, చివరికి రాశాడు: "ఉదయం ఏడున్నర."