ఫౌకియా కడిగిన గాజు

మిన్యా ఊళ్ళో పశువుల టీకాల ల్యాబు ఒకటుంది. అందులో పంతొమ్మిదేళ్ళుగా గాజుసామాను కడిగేది ఫౌకియా. చదువు రెండో తరగతితో సరి. ఆమె కడిగిన గాజు మీద నీళ్ళు చుక్కలుగా నిలిచేవి కావు, పల్చటి పొరలా పరుచుకుని జారిపోయేవి. చుక్క నిలిచిందంటే మురికి ఉన్నట్టేనని ఆమెకెవరూ నేర్పలేదు. చూసి తెలుసుకుంది. ఆ ల్యాబులో చూడటం వచ్చినవాళ్ళు తక్కువ.

ఆ జనవరిలో డాక్టర్ హాతెమ్ గడ్డకట్టించి దాచిన సూక్ష్మజీవుల్ని బయటికి తీస్తే ముప్పాతిక వంతు చచ్చి ఉన్నాయి. మంచుకి కణాలు పగిలిపోకుండా ప్రతి సీసాలోనూ కొలిచి గ్లిజరిన్ పోస్తారు. పోశానన్నాడు హాతెమ్. మరెందుకు చచ్చాయంటే, పైపెట్లలో, అంటే కొలిచి పోసే గాజుగొట్టాల్లో, సబ్బు మిగిలిపోయిందన్నాడు. కైరోలో చదివినవాడు, కారణాలకి లోటు లేదు.

ల్యాబు పెద్దావిడ డాక్టర్ ఇన్సాఫ్, ఫౌకియాని గదిలోకి పిలిపించింది. హాతెమ్ అక్కడే ఉన్నాడు. ల్యాబులో అందరూ ఫౌకియాని పెద్దరికానికి హజ్జా అనేవాళ్ళు.

"హజ్జా, ఆదివారం నుంచి నువ్వు మెట్లు తుడువు. గాజుపని ఇంకొకరు చూస్తారు."

"ఎందుకట?"

"సబ్బు మిగుల్తోందట."

"ఎక్కడ మిగుల్తోందో చూపించండి. మీరిచ్చే సబ్బే నెలకి చాలక ఇరవయ్యో తారీఖుకే అయిపోతోంది." ఫౌకియా తలమీది గుడ్డ సర్దుకుంది. "ఒక్క మాట చెప్పి పోతాను డాక్టరమ్మా. ఈయన వాడిన పైపెట్ల నిండా జిగటే. వేసవిలో ఇంత లేదు. చలి మొదలయ్యాక వేళ్ళకి అంటుకుని వదలడం లేదు. సీసాలో పోశానంటున్నదంతా నా తొట్టిలోకే వస్తోంది."

హాతెమ్ నవ్వాడు. "గ్లిజరిన్ గురించి నాకు చెప్తున్నావా హజ్జా?"

"గ్లిజరిన్ నాకేం తెలుసు నాయనా. నల్లతేనె తెలుసు."

మల్లవీ ఊళ్ళో చెరకురసం కాచి తీసే నల్లటి పాకాన్ని నల్లతేనె అంటారు. ఫౌకియా తండ్రికి అదే వ్యాపారం. వేసవిలో గరిటె నిండా ముంచితే గరిటెడూ గిన్నెలో పడేది. చలికాలంలో సగం గరిటెకే పట్టుకుని ఉండిపోయేది. అందుకని ఆయన గరిటెని నమ్మడం మానేసి, ఏడాది పొడుగునా తూచే అమ్మేవాడు.

"గొట్టంతో కొలిస్తే గొట్టమే తినేస్తుంది. తూచి చూడండి," అంది ఫౌకియా.

ఇన్సాఫ్‌కి ఇద్దరి మీదా విసుగ్గానే ఉంది. అయినా కాటా తెప్పించి, దాని మీద చిన్న గాజుగిన్నె పెట్టించింది. "హాతెమ్, ఒక్కో మిల్లీలీటరు చొప్పున పదిసార్లు పోసి చూపించు. గ్లిజరిన్ నీళ్ళకన్నా బరువు, పన్నెండున్నర గ్రాములు తూగాలి."

హాతెమ్ రోజూ పోసినట్టే పోశాడు. రబ్బరు బుడ్డి నొక్కి చటుక్కున పీల్చాడు, గొట్టంలోకి బుడగొచ్చింది, ఫుస్సుమని వదిలి రెండోదానికి పోయాడు. నీళ్ళయితే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పదిసార్లయ్యేసరికి కాటా పది దగ్గర ఆగింది.

"కాటా పాతది," అన్నాడు హాతెమ్.

"నువ్వు పోసి చూపించు హజ్జా," అంది ఇన్సాఫ్.

పంతొమ్మిదేళ్ళలో ఫౌకియా పైపెట్టు కడగడమే గాని వాడింది లేదు. నెమ్మదిగా పీల్చి, గొట్టంలో పైకెక్కడం ఆగేదాకా చూసింది. మొన గిన్నె గోడకి ఆనించి వదిలి, అలాగే నిలబడింది.

"ఇంకెంతసేపు?" అన్నాడు హాతెమ్.

"అది దిగేదాకా."

పదోసారికి అదే కాటా పన్నెండు చూపించింది.

"పన్నెండున్నర రాలేదుగా," అన్నాడు హాతెమ్.

"అందుకేగా తూచుకోమన్నది. నా చెయ్యి గొప్పదని నేనన్నానా?"

గ్లిజరిన్ ఇకనుంచి తూచే వెయ్యాలని ఇన్సాఫ్ గోడకి కాగితం అంటించింది. మెట్ల సంగతి మాత్రం ఎత్తలేదు. ఫౌకియా ఆదివారం చీపురు ముట్టకుండా తొట్టి దగ్గరికే వెళ్ళింది. ఎవరూ కదిలించలేదు.

మూడు వారాల తర్వాత హాతెమ్ కడిగే గది గుమ్మంలో నిలబడ్డాడు.

"హజ్జా, ఈసారివి బతికాయి."

"నాతో ఎందుకు? నా గాజు మీద ఎవరికి చెప్పావో వాళ్ళకే చెప్పు."

హాతెమ్ ఇన్సాఫ్ గదిలోకి వెళ్ళాడు. మధ్యలో ఉన్నది పల్చటి చెక్కగోడ. ఫౌకియా కుళాయి కట్టేసింది.

అతనేదో గొణిగాడు.

"కాస్త గట్టిగా చెప్పు," అంది ఇన్సాఫ్.

"హజ్జా ఫౌకియా గాజు శుభ్రంగానే ఉంది. తప్పు నాది."

ఫౌకియా కుళాయి తిప్పింది.