నాలుగు సిలిండర్లు, ఒకే గొట్టం

ఆ రోజుల్లో బండి కనబడే ముందు వినబడాలి. వినబడని బండి ఎంత మంచిదైనా మా చిత్తూరులో దానికి పరువు లేదు. ఎనభైలలో నా దగ్గర రెండు సిలిండర్ల బండి ఒకటి ఉండేది. ఇరుపక్కలా చెరొక సైలెన్సరు (మావాళ్ళ భాషలో గొట్టం), వాటి నుంచి నీలం పొగ, ఆ పొగతో పాటు రెండు వీధుల అవతల పడుకున్న కుక్కల్ని కూడా లేపే చప్పుడు. నేను వీధి మలుపు తిరిగేలోపే మా అమ్మ పొయ్యి మీద దోసె పెనం పెట్టేది. మా నాయన మాత్రం ఆ బండి ఎక్కేవాడు కాదు. ఒకే ఒక్కసారి ఎక్కి, బస్టాండు దాకా వచ్చి, దిగి, పంచె దులుపుకుని, రిక్షా పిలుచుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తప్పు బండిదీ కాదు, నాదీ కాదు, నాయన వయసుదేనని తీర్మానించుకున్నాను.

అలాంటి బండిని నేను వదులుకున్నానంటే కారణం నాలుగు సిలిండర్లే. ఓడ ఉద్యోగం చేసి వచ్చి మద్రాసులో ఉంటున్న ఒక పెద్దమనిషి దగ్గర విదేశీ బండి ఉందనీ, దాని బరువు మోయలేక తేలికైనది వెతుకుతున్నాడనీ స్నేహితుడొకడు చెప్పాడు. ఆ పెద్దమనిషీ నేనూ బండికి బండి మార్చుకున్నాం. పోయేటప్పుడు పళ్ళు కొట్టుకుంటూ పోయిన నేను, వచ్చేటప్పుడు ఊయలలో కూర్చున్నట్టు వచ్చాను. ఇంజను మా అక్క కుట్టుమిషను పాటి చప్పుడు కూడా చెయ్యదు. సిలిండరుకొకటి చొప్పున ముందు నుంచి నాలుగు గొట్టాలు దిగుతాయి, కానీ అవి కిందికి పోయి ఒద్దికగా ఒకటైపోయి, కుడిపక్క ఒకే ఒక సైలెన్సరుగా బయటికొస్తాయి. నా కొంప ముంచింది ఆ ఒద్దికే.

మా బావ, అంటే అక్క భర్త, నాతో పాటు మా బెల్లం మండీలోనే పని చూసుకునేవాడు. ఆయన కొత్త బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చూశాడు. ఎడమపక్కకు వెళ్ళి మళ్ళీ వంగి చూశాడు.

"బామ్మర్దీ, ఇంకో గొట్టం యాడ పెట్టినావు?" అన్నాడు.

నేను ఓపికగా చెప్పాను. నాలుగు ప్లగ్గులూ వేలు పెట్టి చూపించాను. ఆయన అంతా విని, "నాలుగు ప్లగ్గులు పెట్టి ఒక గొట్టానికి పొగ తోలేదెందుకప్పా?" అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఆ జిల్లాలో పుట్టలేదు. సాయంత్రానికల్లా మండీ మండీ అంతా ఒకటే మాట: ఫలానా వాళ్ళ అబ్బాయి రెండు గొట్టాల బండి ఇచ్చేసి ఒంటిగొట్టం బండి తెచ్చుకున్నాడు, మద్రాసు వాళ్ళు బాగా ఏమార్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సిలిండరంటే ఏమిటో తెలియని మనుషులు నా మీద జాలిపడుతున్నారు. కోప్పడితే ఓర్చుకోవచ్చు గానీ, ఆ జాలిని ఎలా ఓర్చుకోవడం? చివరికి మెకానిక్కును పిలిపించాను. (స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకూ రెండో కొస చెవికీ ఆనించి జబ్బు చెప్పేవాడు కాబట్టి అతన్ని చెవి మేస్త్రీ అనేవాళ్ళం.) అతను చాలాసేపు విని, లేచి, తల అడ్డంగా ఊపి, లోపల ఏదో బాగా అరిగిపోయుండాది, అందుకే సౌండు లేదని అందరి ముందూ తీర్పు చెప్పాడు.

ఇదంతా నవ్వులాటతో పోయేదే. కానీ సరిగ్గా అప్పుడే నాయన తిరుపతిలో కొత్తగా బెల్లం అంగడి తెరవబోతున్నాడు. దాన్ని నాకు అప్పగించాలా, బావకు అప్పగించాలా అన్నది ఇంకా తేలలేదు. ఆ అంగడి మీద నాకు ఎంత ఆశో చెప్పలేను. చిత్తూరు మండీలో నేనెప్పుడూ నాయన కొడుకునే, తిరుపతిలోనైతే నేనే నేను. మా వ్యాపారంలో ఏమారడం కంటే పెద్ద పాపం లేదు. పైన బంగారంలాంటి దిమ్మలు పేర్చి అడుగున నల్లబెల్లం పెట్టే రోజులవి. నాయన ఏ బస్తా కొన్నా చెయ్యి అడుగుదాకా పెట్టి అక్కడి దిమ్మ బయటికి తీయనిదే బేరమాడేవాడు కాదు. బండి సంగతి ఆయన చెవిన పడిన రోజు, అన్నం తింటూ తలెత్తకుండా ఒక్క మాటన్నాడు.

"బండి కాడనే ఏమారినోడు బెల్లం యాడ సూసి కొంటాడు?"

నేను సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాను. మర్నాడంతా నాయనతో మాట్లాడలేదు. (ఆయన అది గమనించలేదని తర్వాత అక్క చెప్పింది.) ఆ మరుసటి రోజు ఆయన తిరుపతికి అంగడి చూడడానికి బస్సుకు బయల్దేరుతుంటే అడ్డం నిలబడి, నా బండి మీద రమ్మన్నాను. నేను ఏమారినట్టు దారిలో ఒక్కచోట అనిపించినా అంగడి బావకే ఇచ్చెయ్యమన్నాను. నాయన నన్నూ, ఒంటి గొట్టాన్నీ మార్చిమార్చి చూసి, పంచె బిగించి, తువ్వాలు తలకు చుట్టుకుని ఎక్కాడు.

పూతలపట్టు దాటాక రోడ్డు బాగుంటుంది, అక్కడ బండి సత్తా ఏమిటో చూపించాలని నా పథకం. అందాకా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒక్కో సిలిండరు ఎప్పుడు పేలుతుందో, ఒకటి అలసేలోపు ఇంకొకటి ఎలా అందుకుంటుందో గొంతెత్తి వివరిస్తూ పోయాను. వెనక నుంచి ఎదురు ప్రశ్న లేదు. నాయన నోటమాట రాక వింటున్నాడనుకుని పొంగిపోయాను. పూతలపట్టు కూడలిలో టీ అంగడి ముందు నెమ్మది చేశాను. టీ కాస్తున్నాయన నా వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "అప్పా, పెద్దాయన నిద్రపోతా ఉండాడు. ఆపొద్దు, లేస్తాడు" అన్నాడు.

తల తిప్పి చూస్తే నాయన చెంప నా వీపుకు ఆని ఉంది. చేతులు రెండూ నా నడుం చుట్టూ ఉన్నాయి. నా పథకం నేల పాలయింది. పడిపోతాడన్న భయంతో టాపు గేరు వేసేసి, ఎడమచేత్తో ఆయన మణికట్లు రెండూ నా పొట్ట మీద అదిమి పట్టుకున్నాను. ఇక క్లచ్చు నొక్కే చెయ్యి లేదు, గేరు మార్చేది లేదు. ఎద్దులబండి వెనక నడక వేగానికి తగ్గినా ఆ ఇంజను ఒక్కసారి కూడా ఎగరలేదు, దగ్గలేదు. నా పాత బండైతే పది గజాలకే ఇద్దర్నీ చెరొక చేలోకి విసిరేసేది. నాలుగు సిలిండర్లంటే ఏమిటో లోకానికి తెలియాల్సిన ఘడియ అదే, తెలియాల్సిన ఒక్క మనిషీ నా వీపు మీద గురక పెడుతున్నాడు. చంద్రగిరి దగ్గర ఒక మోపెడ్ మమ్మల్ని దాటిపోయింది. దాని మీద ఇద్దరు మనుషులూ ఒక అరటిగెలా ఉన్నారు. ఆ ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

తిరుపతిలో బండి ఆపితే నాయన కళ్ళు తెరిచి, "అప్పుడే వచ్చేసినామా?" అన్నాడు. బండి గురించి ఒక్క ముక్క లేదు. అంగడి చూశాడు, గోడలు తట్టాడు, బెల్లానికి చెమ్మ తగులుతుందా అని అడిగాడు. బయటికొచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నాకు సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువయింది. ప్రయాణమంతా నిద్రపోయిన మనిషి ఏం చూసి ఇచ్చినట్టు? వారం రోజులు మూతి ముడుచుకునే అంగడి సర్దాను. తర్వాత అక్కే చెప్పింది. ఒంటిగొట్టం వాడికి అంగడి ఎట్లా ఇచ్చినావని బావ అడిగితే నాయన అన్నాడట: "గొట్టాలు నాకేం తెలుసబ్బా. వాడి ఎనకాల నాకు నిద్ర పట్టింది."

ఆ మాటకు అప్పుడు ఇంకా మండిపోయాను. బండిని మెచ్చుకోకుండా నిద్రను మెచ్చుకునే మనిషితో ఏం వాదిస్తామని మూడు నాలుగేళ్ళు చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు తిరుపతిలో నా కూతురు స్కూటరు మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని అలిపిరి దాకా తీసుకెళ్తుంటుంది. బంగారంలా నడుపుతుంది, ఇంతవరకు ఎవరికీ తగిలించలేదు. పోయిన వారం, వెనక కూర్చుంటే నాకూ నిద్ర పడుతుందేమో ఒకసారి చూద్దామని కళ్ళు మూసుకున్నాను. రెండు వీధిదీపాలు దాటేదాకా ఓర్చుకున్నాను. "నాన్నా, భుజం అంత గట్టిగా పట్టుకోవద్దు, నొప్పిగా ఉంది" అంది అమ్మాయి.