ఎనిమిదింటి చాయ్‌ని ఆరింటికి జరిపిన సంగతి

కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ నెలలో నేను మధురానగర్‌లోని ఒక లేడీస్ హాస్టల్‌లో పెద్ద వంటమనిషిగా చేరాను. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా మెస్సుల్లో, కర్రీ పాయింట్లలో వండాను. నా చదువు నాలుగో తరగతి. రాతలో తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి. వంట సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

హాస్టల్ వంటగదిలో కూడా హోదాలుంటాయి. పొయ్యి దగ్గర పెద్ద వంటమనిషి ఉంటుంది, ఉప్పూ కారం ఆమే వేయాలి. ఆమె తర్వాత రొట్టెలు చేసే ఆమె, తర్వాత కూరగాయలు తరిగే ఆమె, చివర గిన్నెలు తోమే ఆమె. అందరి పైన వార్డెన్. మా వార్డెన్ విజయ గారిది భీమవరం వైపు. ఆ రోజు ఎంతమంది తింటారో పొద్దున్నే గోడ పలక మీద రాసేవారు. దాన్ని స్ట్రెంగ్త్ అంటాం. దాన్ని చూడకుండా బియ్యం కొలవకూడదు.

స్ట్రెంగ్త్ కింద ఇంకో లెక్క ఉండేది, రూం ప్లేట్లు. జ్వరమొచ్చి గానీ, నెలసరి నొప్పితో గానీ కిందికి దిగలేని పిల్లలకు గదికి పంపే ప్లేట్లు అవి. నెలసరి ప్లేటుకి నాకో పద్ధతి ఉండేది. కొంచెం చారన్నం, పక్కన మామిడికాయ పచ్చడి, పెద్ద గ్లాసు చిక్కటి చాయ్. ఆ మూడు రోజులు కడుపు తేలిగ్గా ఉంచాలని మా అత్త చెప్పేది. నేనూ అదే నమ్మాను. అన్నం సగం తిరిగొచ్చేది, చాయ్ గ్లాసు మాత్రం ఖాళీగా వచ్చేది. నా చాయ్ పిల్లలకు బాగా పనిచేస్తోందని మురిసిపోయేదాన్ని.

రెండో అంతస్తులో స్వప్న అని ఒక అమ్మాయి ఉండేది. కామారెడ్డి దగ్గర పల్లె వాళ్లది. అమీర్‌పేటలో పోలీసు ఉద్యోగం కోచింగ్ తీసుకుంటోంది. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. అంతకు ముందుసారి పరుగు పరీక్ష సరిగ్గా నెలసరి రెండో రోజు పడింది. రెండో రౌండ్ సగంలో కళ్లు తిరిగి గ్రౌండ్‌లోనే కూర్చుండిపోయిందట. ఆ తర్వాత ఆస్పత్రికి వెళితే రక్తం తక్కువగా ఉందని ఐరన్ గోళీలు రాశారు. రోజూ టిఫిన్ కాగానే స్వప్న చాయ్ క్యాన్ దగ్గరికి వచ్చేది. నేనే గ్లాసు నింపి ఇచ్చేదాన్ని, ఆ చాయ్‌తోనే గోళీ మింగేది. ఎప్పుడైనా మర్చిపోతే నేనే గుర్తు చేసేదాన్ని.

అలా మూడు నెలలు గడిచాయి. రక్తం పెరగలేదు, నొప్పి తగ్గలేదు. అప్పుడే పరుగు పరీక్ష తేదీ వచ్చింది, ఇంకా రెండు నెలల పైన ఉంది. స్వప్న వంటగదిలోకి వచ్చి, సిలిండర్ మార్చిన తేదీలు నేను రాసుకునే క్యాలెండర్ ముందు నిలబడి వేళ్లతో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి కూడా రెండో రోజే పడుతోంది.

"గా దినమే పడాల్నా ఆంటీ? పోయి ఉరికేదేముంది, ఇంటికి పోత" అంది.

వచ్చే సోమవారం నా సెలవు, ఆస్పత్రికి నేను కూడా వస్తానని చెప్పాను.

పంజాగుట్ట దాటాక ఉన్న ఆస్పత్రి అది. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది. గోళీలు రోజూ వేసుకుంటున్నావా అని అడిగింది. రోజూ అని స్వప్న చెప్పింది. దేంతో వేసుకుంటున్నావని అడిగింది.

"చాయ్ తోని మేడం. గీ ఆంటీనే ఇస్తది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. తిట్టలేదు. గోళీలో ఉన్న ఐరన్‌ని, కూరలో ఉన్న ఐరన్‌ని కూడా, చాయ్ ఒంటికి సరిగ్గా పట్టనివ్వదని నిదానంగా చెప్పింది. తిండికీ గోళీకీ చాయ్ దూరంగా ఉండాలి. గోళీ నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి. ఆ రోజుల్లో తిండి తగ్గించకూడదు, టిఫిన్ అసలు మానకూడదు. నెలసరికి ముందు వారం ఉప్పు, పచ్చళ్లు తగ్గిస్తే కొంతమందికి పొట్ట ఉబ్బరం తగ్గుతుంది. తిండితోనే అందరి నొప్పీ పోదు, అవసరమైతే నొప్పి గోళీ వేసుకోవాలని ఆ చీటీ కూడా రాసిచ్చింది.

అంటే నా రూం ప్లేటులో ఉన్నదంతా తలకిందులే. మెట్రో స్టేషన్ దాకా సిగ్గుతో నడిచాను. మెట్రో ఎక్కేసరికి సిగ్గు పోయి తొందర పట్టుకుంది. కూర నా చేతిలో ఉంది, చాయ్ నా చేతిలో ఉంది, రెండు నెలలున్నాయి. పొయ్యి దగ్గరికి ఎప్పుడు చేరతానా అనిపించింది.

మరునాడు టిఫిన్ దగ్గర చాయ్ క్యాన్ పెట్టలేదు. పది నిమిషాల్లో గొడవ మొదలైంది. చాయ్ లేకుంటే క్లాసుల పండుకుంటమని ఒకరు, ఆంటీకి చక్కెర అయిపోయిందని ఇంకొకరు. విజయ గారు కిందికి దిగొచ్చారు.

"ఏంటి సత్తెమ్మా ఇది? ఒక్క పిల్ల కోసం హాస్టల్ మొత్తం ఆపేస్తావా?"

డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. చాయ్ మాత్రం ఆపడానికి లేదు, ఏం చేస్తావో చెయ్యి అన్నారు. ఆపను, జరుపుతాను అన్నాను. అప్పటిదాకా ముందు టిఫిన్ పొయ్యి వెలిగేది. ఇప్పుడు చాయ్ పొయ్యి ముందు వెలిగించి ఆరింటికే చాయ్ ఇచ్చాను, టిఫిన్ ఎప్పటిలాగే ఎనిమిదింటికి. దానికి నేను మా ఇల్లున్న బోరబండ నుంచి మొదటి బస్సు పట్టుకోవాలి. పట్టుకున్నాను.

కూర కూడా మార్చాను. పాలకూర పప్పు దించాక నిమ్మకాయ పిండేదాన్ని. వారంలో రెండు పొద్దులు పెసర గుగ్గిళ్లు, రెండు పొద్దులు రాగి జావ. పల్లీ బెల్లం ఉండలు డబ్బాలో ఉంచాను. మాంసం తినేవాళ్లకు ఆదివారం కోడి కార్జాలు. రూం ప్లేటులో పచ్చడి, చాయ్ తీసేసి పప్పు, ఆకుకూర, పెరుగు పెట్టాను. స్వప్న గోళీ మధ్యాహ్నం భోజనానికి గంట ముందు, నిమ్మకాయ నీళ్లతో.

మొదటి నెల ఏమీ మారలేదు. స్వప్న రెండు రోజులు మంచం దిగలేదు. నా మీద నాకే అనుమానమొచ్చింది. రెండో నెల రెండో రోజు ఆమెకు ప్లేటు పంపిద్దామని చారు గిన్నె మూత తీస్తున్నాను, ఆమే లైన్లో నిలబడి కనబడింది.

"నొస్తుంది ఆంటీ, కాని గంత లేదు. నిలవడొస్తుంది. జర పప్పు ఎక్కువెయ్యి."

ఇంకో గరిటె పప్పు వేశాను. ఆ వారమే మళ్లీ చేసిన పరీక్షలో రక్తం పెరిగిందని వచ్చింది. రొట్టెలు చేసే ఆమె, నేను కలిసి మిగతా పిల్లల లెక్క చూసుకున్నాం. పలక మీద రూం ప్లేట్లు మునుపటికంటే తగ్గాయి.

మూడో అంతస్తులో రమ్యకు మాత్రం ఎంత జాగ్రత్తగా పెట్టినా ఏమీ తగ్గలేదు. ఇంకో నెల చూద్దాం అనబోయి ఆగాను. అదే డాక్టరమ్మ దగ్గరికి పంపితే స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ బయటపడింది. మందులు మొదలుపెట్టారు. నా గుగ్గిళ్లతో తీరేది కాదది.

పరుగు రోజు వచ్చింది. లెక్క తప్పలేదు, రెండో రోజే. ముందురోజు రాత్రి హాస్టల్‌లోనే పడుకుని, ఐదింటికి స్వప్నకు అరటిపండు, పల్చటి రాగి జావ ఇచ్చాను. నొప్పి గోళీ కూడా వేసుకుంది. నేను వెళ్లడానికి లేదు, మధ్యాహ్నం స్ట్రెంగ్త్ నిండుగా ఉంది. అన్నం వార్చుతుంటే ఫోన్ మోగింది. తరిగే ఆమె ఎత్తి నా చెవికి ఆనించింది. ఆయాసం తప్ప ముందు ఏమీ వినబడలేదు.

"ఆంటీ, దాటిన. టైముల దాటిన."

గంజి కాలి మీద పడినా నాకు తెలియలేదు. పరుగెత్తుకుంటూ మెట్లెక్కి విజయ గారికి చెప్పాను. ఆమె పుస్తకం మూసేసి, సాయంత్రం అందరికీ సేమ్యా పాయసం చెయ్యమన్నారు. తర్వాతి రాత పరీక్ష కూడా గట్టెక్కి స్వప్న ఉద్యోగంలో చేరింది.

మోకాళ్ల నొప్పులతో పోయిన ఏడాది పని మానేశాను. నా చోట చేరిన ఆమెకు మూడు మాటలు చెప్పి వచ్చాను. ఏం పెడుతున్నావో చూసుకున్నట్టే, ఏ గంటకి, దేని పక్కన పెడుతున్నావో కూడా చూసుకో. నొప్పి ఉన్న పిల్లకు తిండి తగ్గించకు. రెండు మూడు నెలలు సరిగ్గా తిన్నా నొప్పి తగ్గకపోతే, లేదా మరీ ఎక్కువైతే, ఆ పిల్లను వంటగదిలో ఆపకుండా డాక్టర్ దగ్గరికి పంపు.