కలిసిమెలిసి ఉన్నారమ్మా

ఆ స్కానింగు డాక్టరుకి వెన్నపూస అని పేరు. కళ్లు గద్దవి, నోరు మాత్రం వెన్నపూస. చీకటి గదిలో పొట్ట మీద జిగురు పూసి, ఆ మైకులాంటిదాన్ని ఆనించాడంటే, మీరు మొన్న మింగేసిన మాట కూడా తెర మీద కనిపెట్టేస్తాడు. కనిపెట్టింది చెప్పమంటేనే ప్రాణం మీదికొస్తుంది. కడుపులో గోలీకాయంత రాయి ఉన్నవాడితో "లోపల కాస్త గట్టిగా ఉందండీ" అన్నాడట. ఆ మనిషి గట్టివాణ్ణని రొమ్ము విరుచుకు తిరిగి తిరిగి, చివరికి ఆపరేషను బల్లెక్కాడు.

అలాంటాయన దగ్గరికి నాలుగో నెల గర్భిణి ఒకామె అత్తగారితో వచ్చింది. కవలలని ముందే తెలుసు. ఇక అత్తగారి గొంతంటారా, ఆవిడ గుసగుసలాడితే పక్క వీధి కుక్కలు లేస్తాయి.

డాక్టరు చూశాడు. ఎడమకి తిరగమన్నాడు, కుడికి తిరగమన్నాడు, కాసేపు నడిచి రమ్మన్నాడు. మళ్లీ చూశాడు. ఎలా చూసినా పిల్లలిద్దరూ ఎదురెదురు మొహాలతో ఒక్కటిగానే కదులుతున్నారు. మధ్యలో సన్నటి పొరైనా లేదు. ఏసీ గదిలో ఆయన చొక్కా బిందెడు చెమట తాగింది.

"ఏం బాబూ, ఎలా ఉన్నారు నా మనవలు?"

"ఇద్దరూ... బాగా కలిసిమెలిసి ఉన్నారమ్మా."

"విన్నావా అమ్మాయ్! నా కడుపున పుట్టిన వెధవలు వంటింటి మధ్యలో గోడ కట్టుకున్నారు. వీళ్లయినా కలిసున్నారు!" అంటూ ఆవిడ బయటి హాల్లోకి పరిగెత్తింది.

కోడలు మాత్రం బల్ల మీంచి కదల్లేదు.

"కలిసి అంటే ఎలాగండీ? చేతులు పట్టుకునా?"

"ఇంకాస్త దగ్గరగా..."

"వాటేసుకునా?"

"ఇంకాస్త..."

"అతుక్కునా?"

డాక్టరు మైకు తుడవడం మొదలెట్టాడు. ఆ తుడుపుకి దాని తోలు ఊడాల్సిందే.

"డాక్టరుగారూ, పొట్ట నాది, పిల్లలు నావాళ్లు. మీరిలా నసిగితే నేనెవర్నడగాలి? ఆ తెర ఇటు తిప్పండి."

తిప్పాడు.

"గుండెలెన్ని?"

"రెండు. విడివిడిగా కొట్టుకుంటున్నాయి, ఇవిగో. పొట్టల దగ్గర అతుక్కున్నారు. కాలేయం ఇద్దరికీ ఒక్కటేనేమోనని నా అనుమానం. పెద్దాసుపత్రిలో ఎమ్మారై తీస్తే తెలుస్తుంది. పుట్టాక విడదీయగలరో లేదో... నాకు తెలీదమ్మా."

ఆ రెండు మినుకుల వంకే ఆమె చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకోవాల్సిన కాగితంతో పొట్ట మీది జిగురు తుడుచుకుని లేచింది.

హాల్లోంచి అత్తగారి గొంతు మోగిపోతోంది. "ఒకర్నొకరు వదలరట! సాక్షాత్తూ డాక్టరే చెప్పాడు!" ముక్కూమొహం తెలియనివాళ్లంతా ఆవిడతో కలిసి సంబరపడుతున్నారు.

"మరి... ఆవిడకి మీరే మెల్లిగా..." అని గొణిగాడు డాక్టరు.

"మీరు వేసిన ముడి, మీరే విప్పండి." ఆమె తలుపు తీసింది. "అత్తయ్యా, లోపలికి రండి. డాక్టరుగారు మీతో మాట్లాడతారట."

అత్తగారు మొహమంతా నవ్వుతో వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. డాక్టరు ఆ నవ్వు వంక చూశాడు. మెత్తటి మాటొకటి పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"అతుక్కుపోయి ఉన్నారమ్మా," అన్నాడు.